ఎజ్రా ఒళ్ళు ఎందుకు కాలిందంటే

ఆపరేషన్ బల్ల మీద నుంచి దిగి, ఆకుపచ్చ గౌనుతోనే ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసిన మనిషిగా మా బస్సు రూట్లో ఉషారాణికి పేరు. పేరంటే మంచి పేరని కాదు. పిరికిదని కొందరు, పొగరని కొందరు, డాక్టర్ని తిట్టి వచ్చేసిందట అని ఇంకొందరు. చెప్పేవాళ్ళలో చాలామందికి అసలేం జరిగిందో తెలియదు. మొదట్లో నాకూ తెలియదు. తెలిశాక మాత్రం, ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి చెబుతున్న పాఠాన్ని నేను మళ్ళీ కూర్చుని చదువుకోవలసి వచ్చింది.

నా పేరు వేంకటరమణ. మార్టేరులో ఉంటాను. రావులపాలెంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సు ఏడుంబావుకి మా సెంటర్లో ఆగుతుంది. పదకొండేళ్ళుగా ఆ బస్సులో కండక్టరు ఉషారాణి. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నెలలో సగం రోజులైనా ఆవిడ డ్యూటీలోనే వెళ్ళేవాణ్ణి.

ఒకసారి ఎవరో పెద్దమనిషి ఆడవాళ్ళ సీట్లో కూర్చుని లేవనన్నాడు. పక్కన నెలలు నిండిన అమ్మాయి నిలబడి ఉంది. ఉషారాణి రెండుసార్లు మర్యాదగా చెప్పింది. మూడోసారి విజిల్ ఊది, సిద్ధాంతం వంతెన ఇంకా ఎక్కకుండానే బస్సు ఆపించింది.

"ఈయన లేచేదాకా బస్సు కదలదండి. అందరూ కాస్త ఓపిక పట్టండి" అని చెప్పి ఫుట్‌బోర్డు దగ్గర నిలబడింది. ఆయన లేచాడు. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చిన కొత్తలో ఒకతను, "ఇక మేం నిలబడి చావాల్సిందే" అని విసుక్కుంటే, "నేను పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నానండి, ఏం కాలేదు" అంది, టికెట్ల మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే.

అలాంటి మనిషి నాట్ల రోజుల్లో ఒక ఉదయం, పెనుగొండ దాటాక, కుడి డొక్క పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయింది. ముఖమంతా చెమటలు. స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్ళు. పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారు, రెండో రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు. కాకపోతే పూర్తి మత్తు ఇవ్వాలి.

ఆసుపత్రిలో చేరిన రోజే ఆవిడ సర్జన్‌తో చెప్పింది. ఆ సంభాషణ తర్వాత నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది కాబట్టి అలాగే రాస్తున్నాను.

"నాకు మత్తు గ్యాసు పడదేమోనండి. మా తమ్ముడు ఆ మత్తులోనే పోయాడు."

"ఎప్పుడమ్మా?"

"రెండువేల మూడులోనండి."

"అప్పటి రోజులు వేరు, ఇప్పుడు వేరు."

"రోజులు వేరేనండి. మనుషుల ఒళ్ళు కూడా వేరా?"

సర్జన్ నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న బల్ల మీద పడుకోబెట్టి ముఖానికి మాస్కు తెస్తుంటే ఆవిడ మళ్ళీ అదే మాట చెప్పింది. నర్సు, "ఊరికే భయపడకండి, వందమందికి ఇస్తాం రోజూ" అంది. ఉషారాణి లేచి కూర్చుంది. చేతికున్న సెలైన్ సూది తనే పీక్కుని, దూది అడిగి నొక్కిపెట్టుకుని, నడుచుకుంటూ బయటికి వచ్చేసింది.

వరండాలో భర్త ఇమ్మానుయేలు నిలబడి ఉన్నాడు. రైస్ మిల్లులో డ్రయ్యరు దగ్గర పని చేసే సాధువైన మనిషి. "ఏంటే ఇది?" అన్నాడు.

"ఆటో పిలు" అంది.

ఆ తమ్ముడి పేరు ఎజ్రా. ఉషారాణి కంటే రెండేళ్ళు చిన్న. పోయేనాటికి పదిహేడు. ఊళ్ళ మధ్య పోటీల్లో కబడ్డీ ఆడేవాడు, వాడి పట్టు విడిపించుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదట. అపెండిసైటిస్ వచ్చింది. పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. తల్లి పాపాయమ్మ, అక్క ఉషారాణి వరండాలో కూర్చున్నారు. అరగంటకల్లా లోపల అడుగుల చప్పుడు ఎక్కువైంది. ఒకాయన పరుగున బయటికి వచ్చి, "ఐసు కావాలి, ఎంత దొరికితే అంత" అన్నాడు. ఉషారాణి చేపల బజారు పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీకి పరిగెత్తింది. గోనెసంచిలో ముక్కలు నింపుకుని, సంచి భుజానేసుకుని, నీళ్ళు వీపంతా కారుతుండగా వచ్చింది. హడావిడిలో ఎవరూ ఆపకపోతే సంచితో సహా లోపలికే వెళ్ళింది.

"వాడి దవడ బిగుసుకుపోయి ఉందండి మాస్టారూ" అని చెప్పింది నాతో. "చేతులు, కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. ఐసు పెడుతుంటే పెట్టిందల్లా నీళ్ళైపోతోంది. నేను చెయ్యి వేశాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. పక్కన గొట్టంలో మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. అది మాత్రం ఈ రోజుకీ మర్చిపోలేదు."

మధ్యాహ్నానికి ఎజ్రా పోయాడు. డాక్టరు బయటికి వచ్చి మొదట అడిగిన మాట: "పొద్దున్న వాడికేం పెట్టారు? కడుపు ఖాళీగా ఉంచమని చెప్పాంగా."

పాపాయమ్మ తల దించుకుంది. అక్కడున్న బంధువులంతా ఆ దించుకున్న తలనే చూశారు. సాయంత్రానికి వాళ్ళ పేటంతా పాకిపోయింది, తల్లే కూడు పెట్టి కొడుకుని చంపుకుందని. ఇరవై రెండేళ్ళలో ఆ మాట పాతబడలేదు. కుళాయి దగ్గర బిందెల గొడవ వచ్చినా చివరికి ఆ మాటే పైకొచ్చేది. పాపాయమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మానేసి చెప్పుల దగ్గర గోడవార చేరింది. మాట పడినచోటల్లా ఉషారాణి ఎదురు తిరిగేది. "మా అమ్మ ఏం పెట్టలేదు, నేను అక్కడే ఉన్నాను" అనేది. నమ్మినవాళ్ళు లేరు.

శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు వాళ్ళ నాన్న ఒక మాట అన్నాడట. "మా చెల్లి కూడా కాన్పు ఆపరేషన్‌లో ఇలాగే కాలిపోయింది" అని. ఆ ఏడుపుల్లో ఎవరూ పట్టించుకోలేదు. నాలుగేళ్ళకి ఆయనా పోయాడు. ఉషారాణి ఒక్కర్తే ఆ మాటని దాచుకుంది. తన రెండు కాన్పులూ మామూలుగా అయ్యాయి కాబట్టి మత్తు అవసరం పడలేదు, ఈ రాళ్ళు వచ్చేదాకా.

బల్ల దిగి వచ్చాక ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. నూనె వస్తువు తింటే నొప్పి, తినకపోయినా అప్పుడప్పుడు నొప్పి. డిపోలో సెలవులు అయిపోతున్నాయి. ఆడపడుచులు వచ్చి, "పిల్లల కోసమైనా చేయించుకో" అన్నారు. పాస్టరు గారు, "భయం విశ్వాసానికి శత్రువమ్మా" అన్నారు.

"నాకు భయం లేదు పాస్టరు గారూ. నేను చూసింది చూశానంటున్నాను, అంతే" అందట.

రెండో ఆసుపత్రికి వెళ్ళింది. వాళ్ళు, "ఏం జరిగినా మాకు బాధ్యత లేదని సంతకం పెట్టండి, చేస్తాం" అన్నారు. "జరుగుతుందేమోనని నేనడుగుతుంటే, జరిగాక సంగతి మాట్లాడతారేంటండి" అని కాగితం తిరిగి ఇచ్చేసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒకసారి బస్సులో నా దగ్గర ఆగింది.

"మాస్టారూ, మీరు సైన్సు కదండీ. మత్తుమందుకి ఒళ్ళు కాలుతుందా?"

నేను ఆలోచించకుండా చెప్పేశాను. "మత్తులో ఒళ్ళు చల్లబడుతుందమ్మా, కాలదు. అనవసరంగా భయపడుతున్నావు."

ఆవిడ నా ముఖం కేసి ఒక క్షణం చూసి, "సరేనండి" అని వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. రెండు వారాల పాటు నాతో టికెట్టు మాట తప్ప మాట్లాడలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది కానీ, నేను చెప్పింది తప్పని మాత్రం తోచలేదు.

మూడోసారి కాకినాడ వెళ్ళింది, ఒక పెద్దాసుపత్రికి. అక్కడ మత్తు డాక్టరు పేరు శశిభూషణ్. కోనసీమ కుర్రాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. ఉషారాణి అప్పటికే విసిగిపోయి ఉంది. కుర్చీలో కూర్చోకుండానే, "నేను చెప్పేది పూర్తిగా వింటేనే కూర్చుంటానండి" అంది.

"కూర్చోండి, వింటాను" అన్నాడాయన.

విన్నాడు. విని మూడు ప్రశ్నలు అడిగాడు. మీ తమ్ముడి దవడ బిగుసుకుందా? ఒంటి వేడి చూశారా? మూత్రం ఏ రంగులో ఉంది? ఆవిడ చెబుతుంటే రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు. నాన్నగారి చెల్లెలి సంగతి చెప్పాక, "ఈ సంగతి ఇంతకు ముందు ఎవరికైనా చెప్పారా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నానండి."

ఆయన కాగితం మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి ఇచ్చాడు. ఇది అరుదైన జబ్బు, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతో వస్తుంది, మామూలుగా బయటపడదు, కొన్ని రకాల మత్తుమందులు తగిలితేనే తిరగబడుతుంది అన్నాడు. "మీకుందో లేదో ప్రత్యేకమైన పరీక్ష చెయ్యకుండా చెప్పలేను. ఉందనుకునే మీ ఆపరేషన్ చేద్దాం" అన్నాడు. పేరూ వివరమూ చెప్పాడు కానీ, ఆ గదిలో ఆవిడ చెవులకి ఏమీ ఎక్కలేదట. కాగితం తెచ్చి మర్నాడు నా ముందు పెట్టింది. రావులపాలెం బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. నేను దిగకుండా కూర్చున్నాను.

కాగితం మీద 'సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్' అని ఉంది. సెకండియర్ కండరాల పాఠంలో ఒక లైను అది.

"చదవండి మాస్టారూ. అర్థమయ్యేట్టు చెప్పండి" అంది.

చెప్పాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ పల్చటి పొరలతో అల్లుకున్న గొట్టాలూ సంచులూ ఉంటాయి. దాన్ని అంతర్జీవద్రవ్య జాలం అంటారు. కొంత భాగం మీద ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు గింజల్లా అంటుకుని గరుకుగా ఉంటుంది. అవేమీ లేని భాగం నునుపుగా ఉంటుంది. ఆ నునుపు జాలం ఒక్కో అవయవంలో ఒక్కో పని పెట్టుకుంటుంది. కొవ్వు పదార్థాలు అక్కడ తయారవుతాయి. అండాశయాల్లో హార్మోన్లు తయారుచేస్తుంది. కాలేయంలో మనం మింగిన మందుల్నీ, ఒంట్లో చేరిన విషాల్నీ విరిచేస్తుంది.

"కండరంలో సంగతి చెప్పండి" అంది. టైము చూసుకుంటోంది.

"కండరంలో ఆ నునుపు జాలం పేరే ఈ సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్. దాని పని కాల్షియం దాచడం. నువ్వు చెయ్యి ముడవాలనుకుంటే ఆ సంచుల ద్వారాలు తెరుచుకుని కాల్షియం బయటికి వస్తుంది, కండరం బిగుసుకుంటుంది. మళ్ళీ దాన్ని లోపలికి లాక్కుంటేనే కండరం వదులవుతుంది. విజిల్ ఊదేటప్పుడు నీ బుగ్గల్లో జరిగేదీ అదే. మీ తమ్ముడికి ఆ ద్వారాలు పుట్టుకతోనే తేడాగా ఉండి ఉండాలి. ఆ గ్యాసు తగిలేసరికి తెరుచుకుని, మూసుకోలేదు."

"ఒళ్ళంతానా?"

"ఒళ్ళంతా ఒక్కసారే. కాల్షియం వచ్చేస్తూనే ఉంటుంది, కండరాలు బిగుసుకునే ఉంటాయి. దాన్ని వెనక్కి తోడటానికి కణాలు ఉన్న శక్తంతా ఖర్చు పెట్టేస్తాయి. ఆ వేడే నువ్వు చూసింది."

"మరి డికాషన్ రంగు?"

"కండరం చితికిపోతే దానిలోని ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి మూత్రంలోకి వస్తుంది."

ఆవిడ కాగితాన్ని మడిచి టికెట్ల మిషన్ సంచిలో పెట్టుకుంది.

"ఇది మీరు పాఠం చెబుతారా?"

"చెబుతాను."

"అయితే మొన్న నేనడిగితే కాలదన్నారేంటండి?"

పుస్తకంలో ఉన్న లైను బతికున్న మనిషి ఒంట్లో ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అదే చెప్పాను. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. "పోన్లెండి. పిల్లలకైనా సరిగ్గా చెప్పండి" అని విజిల్ ఊదింది.

ఆపరేషన్‌కి మూడు వారాలు పట్టింది. విరుగుడు మందు ఒకటుందట, దాన్ని వేరే ఊరి నుంచి తెప్పించి చేతిలో పెట్టుకుంటే తప్ప చెయ్యనన్నాడు శశిభూషణ్. గ్యాసు వాడకుండా నరంలోకి ఇచ్చే మత్తుతోనే నడిపిస్తానన్నాడు. మిషన్‌లో పాత గ్యాసు ఆనవాలు మిగలకుండా గొట్టాలన్నీ మార్చి, గంటల తరబడి ఆక్సిజన్ వదిలారు. ఉషారాణి మిషన్ చూస్తేగానీ పడుకోనంది. అక్కడి నర్సులు విసుక్కున్నారు.

"చూడనివ్వండి. ఈవిడ అడక్కపోతే మనం మామూలుగానే ఇచ్చేసేవాళ్ళం" అన్నాడాయన.

గ్యాసు సీసాలు తీసేసిన ఖాళీ చూపించి, కొత్త గొట్టాలు చూపించాడు. ఆవిడ అన్నీ చూసి, వేలితో తాకి, అప్పుడు బల్ల ఎక్కింది. మధ్యాహ్నానికి మెలకువ వచ్చింది. మొదట చేసిన పని, తన చెయ్యి తనే నుదుటి మీద పెట్టుకుని చూసుకోవడం. చల్లగా ఉంది.

కుట్లు మానాక తల్లి దగ్గరికి వెళ్ళింది. పాపాయమ్మకి డెబ్బై. పెరట్లో కూర్చుని తోటకూర తుంచుతోంది. ఉషారాణి ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది, నేను చెప్పినదీ, డాక్టరు చెప్పినదీ. చివర్లో, "నువ్వేం పెట్టలేదని నాకు ముందే తెలుసమ్మా. ఇప్పుడు డాక్టరు కూడా చెప్పాడు" అంది.

పాపాయమ్మ చేతిలో కాడ కింద పెట్టింది.

"ఇచ్చానే" అంది.

"ఏంటి?"

"టీ ఇచ్చాను. రెండు గుక్కలు. నువ్వు చీటీ రాయించడానికి వెళ్ళినప్పుడు. నోరెండిపోతోందమ్మా అన్నాడు. గ్లాసు అడుగున ఉన్నది పోశాను."

ఇరవై రెండేళ్ళు ఎవరితోనూ అనని మాట. ఉషారాణి ఎవరితో పోట్లాడినా ఈ మాట అబద్ధమనే పోట్లాడింది. అక్కడే లేచి ఫోను తీసి శశిభూషణ్‌కి చేసింది. తల్లి వినేట్టు స్పీకరు పెట్టింది.

"డాక్టరు గారూ, మా అమ్మ ఆ రోజు వాడికి రెండు గుక్కల టీ ఇచ్చిందటండి. దానివల్ల ఒళ్ళలా కాలుతుందా?"

"కాలదండి. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఏమీ పెట్టొద్దంటాం. అది వేరే ప్రమాదం. దవడ బిగుసుకోవడం, అంత వేడి, ఆ రంగు మూత్రం టీ వల్ల రావు. ఆవిడ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ గ్యాసుకి అదే జరిగేది."

"ఇంకోసారి చెప్పండి" అంది ఉషారాణి. ఆయన ఇంకోసారి చెప్పాడు. పాపాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూర తట్ట ముందు అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు చాలాసేపటికి గానీ బయటికి రాలేదట.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో ఉషారాణి లేచింది. ఆ సమయంలో ఎవరికి ఏ మేలు జరిగినా లేచి చెప్పుకుంటారు. ఆపరేషన్ బాగా జరిగినందుకు రెండు మాటలు చెప్పి కూర్చుంటుందనుకున్నారు. ఆవిడ మైకు పుచ్చుకుని గోడవార ఉన్న తల్లిని లేపి, చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చింది.

"మా అమ్మ ఆ రోజు ఎజ్రాకి టీ ఇచ్చింది. ఇన్నేళ్ళూ ఇవ్వలేదని మీతో పోట్లాడాను. ఆ ఒక్క ముక్కలో నాది తప్పు. కానీ వాడు టీ వల్ల చావలేదు" అంది. తర్వాత ఎజ్రా ఒంట్లో జరిగింది వరసగా చెప్పింది. చర్చిలో నునుపు అంతర్జీవద్రవ్య జాలం అన్న మాట వినిపించడం అదే మొదటిసారి అయ్యుంటుంది. పలకడానికి తడబడలేదని, బస్సులో ఊళ్ళ పేర్లు అరిచినట్టే స్పష్టంగా చెప్పిందని ఇమ్మానుయేలు నాతో అన్నాడు. "ఇంకెవరైనా మా అమ్మని ఆ మాట అనాలంటే, ముందు నా దగ్గరికొచ్చి ఈ పాఠం అప్పజెప్పి అనండి" అని ముగించింది. తల్లిని ముందు వరసలోనే కూర్చోబెట్టింది. పక్కనున్నావిడ మొదట ముఖం తిప్పుకుంది. కాసేపటికి చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది. కొందరు ఇప్పటికీ, "టీ ఇచ్చానని తనే ఒప్పుకుందిగా" అంటూనే ఉన్నారు.

అక్కడితో ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. ఈ తేడా తండ్రి వైపు నుంచి వచ్చి ఉంటుందని, రక్త సంబంధీకులందరికీ చెప్పమని డాక్టరు ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఉషారాణి దాన్ని ముప్పై కాపీలు తీయించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, వారానికొకసారి వచ్చే సెలవు రోజుల్లో పెదనాన్నల పిల్లల ఇళ్ళకి, మేనత్త పిల్లల ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టింది. ఒకామె ఉత్తరాన్ని ఆధార్ కార్డుతో కలిపి దాచుకుంది. ఒకతను మడిచి చూరులో దోపాడు.

తుని దగ్గర పల్లెలో ఉండే పెదనాన్న కొడుకు మాత్రం తీసుకోలేదు. ఇద్దరు కూతుళ్ళకి సంబంధాలు చూస్తున్నాడు.

"మా వంశంలో జబ్బుందని ఊరంతా టముకు వేస్తావా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఊరికి కాదన్నయ్యా, నీకు చెబుతున్నాను. పిల్లల్ని ఏ ఆపరేషన్‌కి తీసుకెళ్ళినా ఈ కాగితం చూపించు."

"మాకక్కర్లేదు. వెళ్ళు."

ఉషారాణి వెళ్ళింది, పెరటి పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చుకోవడానికి. వాళ్ళ పెరటి గోడ మీద, వంటింట్లోంచి బయటికి వస్తే ఎదురుగా కనపడేచోట, తన ఫోను నంబరు పెద్ద అంకెలతో రాసింది. కింద, 'ఆపరేషన్ అంటే ముందు నాకు ఫోన్ చెయ్యండి' అని రాసింది. వదిన కిటికీలోంచి చూస్తూ ఉంది కానీ వద్దనలేదు.

నెల తర్వాత మళ్ళీ వెళితే గోడకి సున్నం వేసేశారు. బస్సులో ఈ సంగతి చెబుతుంటే నేనడిగాను, "మరేం చేశావు?" అని.

"బజారుకెళ్ళి ఎర్ర పెయింటు డబ్బా కొనుక్కొచ్చానండి" అంది, నా చేతిలో టికెట్టు పెట్టి, తర్వాతి సీటు వైపు తిరుగుతూ.